తొమ్మిదీ పది

ఉల్లిపాయల లారీకి ఇరుసు విరిగి
కారాకూల్ ఒడ్డున నాలుగు రోజులు ఆగిపోయాం.
డ్రైవర్ మమాసాలీ కొత్త ఇరుసు కోసం
ముర్గాబ్ వైపు పోయే జీపెక్కాడు.
సరుక్కి కాపలా నేను.
రాత్రుళ్ళు ఉల్లిపాయలు గడ్డకట్టేవి,
మధ్యాహ్నం కరిగి గోనెల్లోంచి కారేవి.

ఇక్కడ చెట్టు లేదు.
బడి గోడ మీద పిల్లలు వేసిన చెట్టుకి
కొమ్మలు పొట్టేలు కొమ్ముల్లా మెలి తిరిగి ఉన్నాయి.
చూసినవే కదా వేస్తారు.

నీళ్ళు మరుగుతాయి గానీ వేడెక్కవు.
బంగాళాదుంప పొద్దున్నే పొయ్యెక్కినా
సాయంత్రానికి పలుకు పోదు.
"ఎత్తు" అంటుంది ఉల్పాత్
పొరుగింటివాళ్ళ మీద చాడీ చెప్పినట్టు.

సరస్సంటారా,
పొద్దున తగరపు రేకు.
పదింటికి నీలిమందు.
గాలి లేచాక, లోపలెవరో పెద్ద దుప్పటి
దులుపుతూ దులుపుతూ అలిసిపోనట్టు.
చుట్టూ తెల్లతల కొండలు
పంచాయితీకి వచ్చి ఎవరూ నోరు విప్పనట్టు.
ఒడ్డంతా ఉప్పు. అడుగేస్తే అప్పడంలా విరుగుతుంది.
ఎప్పుడో ఆకాశం నించి రాయి పడి తవ్విన గుంటట.
నల్ల సరస్సని పేరు. నలుపు నాకు కనిపించలేదు.
"చలికాలం రా, చూపిస్తా" అంది.

ఆమె నీటి లెక్క రాసే మనిషి.
పొద్దున తొమ్మిదికీ రాత్రి తొమ్మిదికీ
ఒడ్డున పాతిన ఇనుప కొలబద్ద దగ్గరికి వెళ్ళి
నీళ్ళెంత, గాలి ఎటు, మంచు మందమెంత:
మూడే ముక్కలు.
జీతమిచ్చే దేశం ఒక చలికాలం లేకుండా పోయింది.
ఆ కబురు ఇక్కడికి చేరేసరికి మంచు కరుగుతోంది.
"మరి మానెయ్యలేదా?"
"ఇంకా రెండు సీసాల సిరా ఉంది" అంది
పొయ్యిలోకి పిడక తోస్తూ.
గడ్డకట్టకుండా ఆ సీసాని
చంకలో పెట్టుకుని పడుకునేదట.
సిరా అయిపోయాక పెన్సిలు.

పిండి డబ్బా వెనక ముప్పై రెండు పుస్తకాలు.
మూడో రాత్రి ఊసుపోక తిరగేశాను.
నా చదువు కూడబలుక్కునే చదువు, అంకెలైతే వచ్చు.
తొమ్మిది. తొమ్మిది. తొమ్మిది.
పేజీల నిండా గుర్రపు నాడాల అచ్చుల్లా.
ఒక్కచోట తొమ్మిదీ పది.

అడిగాను.
గిన్నె తుడవడం ఆపలేదు.
"బైతెమిర్ అవతలి ఒడ్డు నించి
మంచు మీద అడ్డదారిన వస్తున్నాడు, వెన్న తీసుకుని.
ఇంత చుక్క.
నేను కొలబద్ద దగ్గర నిలబడి చూస్తున్నా.
వంగి అంకె చూసి తలెత్తాను."
గిన్నె బోర్లించింది.
"పిలవలేదా?"
"గాలి పడమర నించి.
నా కేక చైనా వైపు పోయింది."

ఆమె పడుకున్నాక ఆ వరస మళ్ళీ చదివాను.
నీళ్ళు నూట నలభై రెండు.
గాలి పడమర.
మంచు ఇక్కడ నలభై.

దీపంలో నూనె ఉన్నంతసేపు వెతికాను,
ముందు పేజీలు, తరవాతి పేజీలు.
"ఇక్కడ" అన్న మాట మళ్ళీ దొరకలేదు.

నాలుగో పొద్దున ఆమెకి మోకాళ్ళు పట్టేశాయి.
"నువ్వు వెళ్ళు, అక్కణ్ణించి అరువు, రాసుకుంటా."
బాతులు దక్షిణానికి సర్దుకుంటున్నాయి.
ఆ రోజు గాలి తొందరగా లేచింది.
కొలబద్ద మీద అల
ముప్పై ఎనిమిదికీ నలభైకీ మధ్య ఆడుతోంది,
దేన్ని అంకె అనాలో తెలీదు.
ఊపిరి బిగబట్టి చూశాను.
ఈ ఎత్తులో బిగబట్టినంతసేపూ
గుండె చెవుల్లో కొట్టుకుంటుంది.
"నూట ముప్పై తొమ్మిదీ!"

పడమటి గాలి నా కేకని వీపు మీద ఎక్కించుకుని
నేరుగా ఆ ఇంటి గడప దగ్గర దించింది.
ఉల్పాత్ తల వంచి రాసుకోవడం కనిపించింది.

మధ్యాహ్నం మమాసాలీ ఇరుసుతో దిగాడు.
కదిలేముందు రెండు గోనెలు ఆమె వాకిట్లో దించాం.
ఓష్‌లో తూకం తగ్గితే
ఎత్తు అని చెప్తాడట.